వెళ్ళినవి ముప్పై ఒకటి, వచ్చినవి రెండు

ఆవిడ అసలు పేరు ఆఫీసు రికార్డుల్లో ఉండేది. వీధుల్లో మాత్రం ఆవిడ మీటరమ్మే. ఇరవై రెండేళ్ళు కాలికి బలపం కట్టుకుని ఇల్లిల్లూ తిరిగి కరెంటు మీటర్లలో రీడింగు చూసి రాసింది. నెలకు పధ్నాలుగు వందల ఇళ్ళు. ఎక్కే గుమ్మం, దిగే గుమ్మం అని అందరూ ఊరికే అంటుంటారు కానీ ఆ మాట మీద అసలు హక్కు ఆవిడది. మీటరు ఎవరింట్లో మెట్ల కింద ఉంటుందో, ఎవరింట్లో చెప్పుల అర వెనకాల దాక్కుంటుందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. ఏ కాలంలోనైనా చేతిలో గొడుగు ఉండేది. అది ఎండకూ కాదు, వానకూ కాదు, కుక్కలకు. రెండుసార్లు కరిచాయి. తరిమిన లెక్క ఆవిడ దగ్గర కూడా లేదు.

తాళం వేసిన ఇల్లు తగిలితే పోయిన నెల అంకె చూసి ఉజ్జాయింపుగా ఒక అంకె వేసి ముందుకు సాగిపోవడం తోటివాళ్ళకు అలవాటు. మీటరమ్మ "తలుపు తాళం" అని రాసి మర్నాడు మళ్ళీ వెళ్ళేది. "కంటితో చూడని అంకె నా చేత్తో ఎలా రాయను?" అనేది. దీనివల్ల ఆవిడకు మంచిపేరేమీ రాలేదు. ఆలస్యంగా ఇంటికి రావడం మాత్రం వచ్చింది.

తర్వాత కొత్త మీటర్లొచ్చాయి. వాటి రీడింగు అవే పంపుకుంటాయి, గుమ్మం ఎక్కేవాళ్ళతో పని లేదు. ఆవిడకు ఆఫీసులో ఒక కుర్చీ చూపించారు. ఆ కుర్చీలో నాలుగు నెలలు కూర్చునేసరికి మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి. ఇరవై రెండేళ్ళ నడకకు రాని నొప్పి కూర్చుంటే వచ్చిందని ఇంట్లో చెప్పి, యాభై ఒకటో ఏట ముందుగానే ఉద్యోగం వదిలేసింది.

ఇంట్లో ఉండేది ముగ్గురు. ఆవిడ, ఆవిడ భర్త, అత్తగారు. భర్త టౌను బస్సు డ్రైవరు. తెల్లవారుజామున డిపో నుంచి బయలుదేరే మొదటి బస్సు ఆయనదే. మాట తక్కువ మనిషి. రోజంతా హారన్ మాట్లాడుతుంది కదా, ఇంక నేనెందుకు అన్నట్టు ఉండేవాడు. అత్తగారికి ఎనభై దగ్గర పడినా, కొడుకు వాటా మాటలు కూడా తనే మాట్లాడేది.

ఊరి చివర కాలువ గట్టున పాత పంపుహౌసు ఉంది. అందులో రెండు గదులు తీసుకుని ఒకావిడ పరిశోధన చేస్తోంది. ముప్పై ఏళ్ళుంటాయి. పేరుకు ముందు డాక్టరని ఉండటంతో చుట్టుపక్కలవాళ్ళు జ్వరానికి మాత్రలడగడానికి వెళ్ళేవాళ్ళు. ఆవిడ చదువు జంతువుల మీద. అలాగని తెలిశాక కొందరు మేకల్ని తోలుకెళ్ళారు. మీటరమ్మ ఆ పంపుహౌసు మీటరు చాలాకాలం చూసింది కాబట్టి ముఖపరిచయం ఉంది. ఒకరోజు అటువైపు వెళ్తూ పలకరించడానికి లోపలికి వెళ్ళేసరికి డాక్టరమ్మ ఫోనులో ఎవరితోనో అంటోంది: "పెద్ద చదువులక్కర్లేదండీ. వారం వారం పన్నెండు చోట్లకి నడవాలి. అక్కడ ఉన్నదే రాయాలి, ఉండాల్సింది కాదు. అలాంటివాళ్ళే దొరకడం లేదు."

ఫోను పెట్టేదాకా ఆగి మీటరమ్మ అంది: "ఇరవై రెండేళ్ళు నేను చేసింది అదేనమ్మా. ఏం చూడాలి?"

"నీటికుక్కలక్కా."

మీటరమ్మ గుమ్మం వైపు చూసింది. "ఇందులో కూడా కుక్కలేనా?"

డాక్టరమ్మ నవ్వుతూ గోడ మీది బొమ్మ చూపించింది. గోధుమరంగు ఒళ్ళు, పొడుగాటి బలమైన తోక, మీసాలు, పొట్టి కాళ్ళు. చేపలు తిని బతికే జంతువు. మొరగదు, కరవడానికి వెంటపడదు, మనిషి అలికిడైతే నీళ్ళలోకి జారిపోతుంది. ఒకప్పుడు కాలువ పొడుగునా ఉండేవట. ఇప్పుడెన్ని ఉన్నాయో, ఎక్కడ తిరుగుతున్నాయో ఎవరికీ తెలియదు. మనిషి కాపలా కాస్తే కనిపించవు కనుక ఆ కాపలా కెమెరాలు కాస్తాయి. అన్నం డబ్బా అంత పెట్టె. ముందు నుంచి ఒంటి వేడి ఉన్నదేదైనా కదిలితే తనంతట తనే ఫోటో తీసేస్తుంది.

"అంటే జంతువుల మీటరన్నమాట," అంది మీటరమ్మ. మర్నాడే పనిలో చేరింది.

నేర్చుకోవడం అనుకున్నంత తేలిక కాలేదు. పెట్టెను గుంజకో చెట్టుకో పటకాతో బిగించాలి, మోకాలి కంటే కిందే. తూర్పుకో పడమరకో తిప్పితే ఎండ కంట్లో పడుతుంది. తేదీ, టైము సరిగా పెట్టాలి. ఒక్క రోజు తప్పినా ఫోటో అబద్ధం చెబుతుంది. అన్నీ అయ్యాక పరీక్ష.

"ఇప్పుడు దాని ముందు నుంచి వెళ్ళండక్కా," అంది డాక్టరమ్మ.

మీటరమ్మ వెళ్ళింది.

"అలా కాదు. నీటికుక్క ఎత్తులో వెళ్ళాలి. చేతుల మీద, మోకాళ్ళ మీద."

మీటరమ్మ అటూ ఇటూ చూసింది. గట్టు మీద ఎవరూ లేరు. వంగింది.

మొదటి వారం కెమెరాలోంచి ఫోటోల కార్డు తీసి పంపుహౌసులోని పాత లాప్‌టాప్‌లో పెట్టి చూస్తే రెండువేల ఎనిమిది వందల పైచిలుకు ఫోటోలు. అన్నిట్లోనూ ఒకే రెల్లు దుబ్బు. కెమెరా ముందున్న ఆ దుబ్బును మీటరమ్మ కోయకుండా వదిలేసింది. ఎండకు కాగిన ఆకులు గాలికి ఊగిన ప్రతిసారీ కెమెరా ఉలిక్కిపడి ఫోటో తీసింది. మీటరమ్మకు తల కొట్టేసినట్టయింది. డాక్టరమ్మ తిట్టలేదు. లాప్‌టాప్ ఇంటికి తీసుకెళ్ళి, ఒక్కటైనా జంతువు ఉందేమో మొత్తం చూడమంది.

ఇంట్లో అత్తగారు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. వెయ్యి దాటేదాకా ఓపిగ్గా చూసి అంది: "గడ్డికి ఇన్ని ఫోటోలు తీశారు. నా పెళ్ళికి రెండే తీశారు."

కొత్తవాటి నుంచి పాతవాటికి చూసుకుంటూ రావడంతో మొదటిరోజువి చివర్లో వచ్చాయి, వాటిలో ఏదో కనిపించింది. అత్తగారు ముందుకు వంగింది. "ఇదేం జంతువే?"

"నేనే అత్తయ్యా. పరీక్షకి పాకాను."

అత్తగారు కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ చూసింది. "అవునవును. నడక నీదే."

ఆ రోజు నుంచి కార్డు వచ్చిందంటే అత్తగారు కుర్చీ తెచ్చుకునేది. అప్పుడప్పుడు ఫోటోల్లో మనుషులు కూడా పడేవాళ్ళు. గట్టున గాలం వేసేవాళ్ళు, ఇంట్లో పోట్లాడి వచ్చి ఒంటరిగా కూర్చున్నవాళ్ళు, ఇద్దరికి తప్ప మూడోవాళ్ళకు తెలియకూడని మాటలు మాట్లాడుకునేవాళ్ళు. మనుషులున్న ఫోటోలు తీసేయాలనీ, ఎవరికీ చెప్పకూడదనీ డాక్టరమ్మ మొదటిరోజే గట్టిగా చెప్పింది. అలాంటి ఫోటో రాగానే మీటరమ్మ తెర మీద చెయ్యి అడ్డం పెట్టేది.

"ఎవరే?" అనేది అత్తగారు.

"తలుపు తాళం, అత్తయ్యా," అనేది కోడలు.

మూడో వారంలో మొదటి నీటికుక్క పడింది. సగమే. వీపు వెనక భాగం, తోక, ఒక కాలు. మీటరమ్మ ఆ సగాన్ని చూస్తూ చాలాసేపు కూర్చుంది. ఇన్నేళ్ళూ ఆ గట్టు మీదుగానే ఎన్ని నెలలు నడిచిందో. తను రీడింగు రాసుకుని వెళ్ళిపోయాక ఇది లేచి తన పని తాను చూసుకునేదన్నమాట.

తర్వాత ఫోటోలు పెరిగాయి. మీటరమ్మ ఒక నోటుపుస్తకం పెట్టి గళ్ళు గీసింది. ఏ కెమెరా, ఏ రోజు, ఎన్ని గంటలకు, నీళ్ళలోకి వెళ్తోందా, నీళ్ళలోంచి వస్తోందా. ఈ చివరి గడి ఆవిడ సొంతం, ఎవరూ గీయమనలేదు. నెల తిరిగాక కూడితే, వెళ్ళినవి ముప్పై ఒకటి, వచ్చినవి రెండు.

పుస్తకం పట్టుకుని పంపుహౌసుకు వెళ్ళింది. "ఇదెలా కుదురుతుందమ్మా? ఇంట్లోంచి ముప్పై ఒక్కసార్లు బయటికి వెళ్ళినవాడు రెండుసార్లే ఇంటికెలా వస్తాడు?"

"వేరే చోట ఒడ్డెక్కుతాయేమో అక్కా."

"వేరే చోట ఎక్కితే అక్కడా మన కెమెరాలున్నాయి కదా. అక్కడా ఇంతే. అన్నీ వెళ్ళేవే." మీటరమ్మ గళ్ళ మీద వేలు పెట్టి మళ్ళీ అంది: "ఒకింట్లో ఆరు నెలలు రీడింగు తక్కువొచ్చింది. పొదుపైన సంసారం అన్నారు అందరూ. నేను లోపలికి చూస్తే నాలుగు ఫ్యాన్లు తిరుగుతున్నాయి. పొదుపు కాదు, మీటరు నెమ్మది. ఇక్కడ కూడా మీటరు మీదే నాకు అనుమానం."

డాక్టరమ్మ పెన్ను పెట్టేసి ఆలోచనలో పడింది. మీటరమ్మ అంతటితో ఆగలేదు. మర్నాడు ఒక గోనెసంచి తెచ్చి కాలువలో ముంచింది. ముందు మామూలుగా కెమెరా ముందు పదిసార్లు పాకింది. పదిసార్లూ ఫోటో పడింది. తర్వాత చల్లటి నీళ్ళు కారుతున్న గోనెసంచిని నెత్తి మీద నుంచి కప్పుకుని, మళ్ళీ మళ్ళీ తడుపుకుంటూ పదిసార్లు పాకింది. మూడే పడ్డాయి. గట్టు మీద సైకిలు ఆపి చూస్తున్న ఒకాయన ఏమీ అడగకుండానే మళ్ళీ సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

విషయం తేలిపోయింది. కెమెరా చూసేది వేడిని. నీళ్ళలోంచి అప్పుడే వచ్చిన నీటికుక్క బొచ్చు మీద చల్లటి నీళ్ళుంటాయి. లోపలి వేడి బయటికి తెలియదు, కెమెరా నిద్రపోతూనే ఉంటుంది. గడ్డిలో దొర్లి ఆరాక, మళ్ళీ నీళ్ళకు వెళ్తుంటే అప్పుడు మేలుకుంటుంది.

"దీని గురించి నేను చదివానక్కా," అంది డాక్టరమ్మ నెమ్మదిగా. "పరీక్షలో రాశాను కూడా. ఇక్కడికొచ్చి మర్చిపోయాను."

"నేను చదవలేదు కాబట్టి మర్చిపోయే బాధ లేదు," అంది మీటరమ్మ, గోనెసంచి పిండుతూ.

కొన్ని కెమెరాలను నీటి అంచు నుంచి వెనక్కి, నీటికుక్కలు దొర్లే గడ్డి దగ్గరకు జరిపారు. మిగిలినవాటిని ఏదైనా వచ్చినా రాకపోయినా నిమిషానికో ఫోటో తీసేలా పెట్టారు. బ్యాటరీలు మంచినీళ్ళలా ఖర్చయ్యాయి. వారానికోసారి నడవాల్సినచోట మీటరమ్మ మూడు రోజులకోసారి నడిచింది. మోకాళ్ళ నొప్పి ఎప్పుడు పోయిందో ఆవిడ గమనించలేదు. అత్తగారు గమనించి చెప్పింది.

అలా పెట్టిన కెమెరాల్లో ఒకటి కల్వర్టు కింద ఉంది. బస్సులు తిరిగే రోడ్డు కాలువను దాటేది అక్కడే. కింద సిమెంటు గొట్టంలా దారి, అందులోంచి నీళ్ళు, ఒక పక్క జానెడు వెడల్పున ఎండిన అంచు. నీటికుక్కలు ఆ అంచు మీద నుంచి అటూ ఇటూ తిరిగేవి. వానలు పడ్డాయి, కాలువ పెరిగింది, అంచు మునిగింది. కల్వర్టులో ఒక్క నీటికుక్క కూడా కనిపించలేదు. కానీ రోడ్డుకు ఇటువైపు కెమెరాల్లోనూ ఉన్నాయి, అటువైపూ ఉన్నాయి. చెవికి కత్తిరింపు ఉన్న ఒక మగది సాయంత్రం ఇటు కనిపించి, మర్నాడు అటు కనిపించింది.

మధ్యాహ్నం అన్నాలు తింటున్నప్పుడు మీటరమ్మ ఈ సంగతి చెప్పింది. "ఈసారి మీటరు తప్పు కాదు అత్తయ్యా. నిమిషానికో ఫోటో ఉంది. కింద నుంచి వెళ్ళలేదు. రెక్కలా లేవు. మరి ఎలా దాటింది?"

"ఈదుకుంటూ పోయుంటుంది," అంది అత్తగారు.

"ఆ వడిలో సొరంగంలోకి దూరవట. డాక్టరమ్మ చెప్పింది."

డ్రైవరు ముద్ద కలుపుతున్నవాడు ఆగాడు. "రోడ్డు మీద నుంచి," అన్నాడు.

ఇద్దరూ ఆయన వైపు తిరిగారు. భోజనం మధ్యలో ఆయన మాట్లాడటం అరుదు.

"రెండేళ్ళ కిందట ఒకరోజు నేను డ్యూటీ నుంచి వచ్చి ఏమీ తినకుండా పడుకున్నాను. కుక్క బస్సు కింద పడిందని చెప్పాను."

"గుర్తుంది," అంది మీటరమ్మ.

"అది కుక్క కాదు. అదేంటో అప్పుడు నాకు తెలియదు. వాన పడుతోంది. కల్వర్టు పక్క నుంచి నేల మీద పాకినట్టు ఒక్కసారిగా పైకి వచ్చింది. బ్రేకు వేశాను, అందలేదు. దిగి చూస్తే పొడుగ్గా ఉంది, వేళ్ళ మధ్య బాతుకున్నట్టు తోలుంది. చేతుల్లోకి తీసుకుంటే ఇంకా వెచ్చగానే ఉంది. పాలిచ్చే తల్లి. పొట్ట చూస్తే తెలిసింది. గడ్డిలో పడుకోబెట్టి వచ్చి బస్సెక్కాను. టైముకి వెళ్ళాలి కదా." ఆయన నీళ్ళు తాగాడు. "కుక్కంటే నువ్వు ఇంకేమీ అడగవని కుక్కన్నాను. మొన్న నీ లాప్‌టాప్‌లో చూశాక తెలిసింది అదేంటో."

అత్తగారు కొడుకు కంచంలో అడగకుండానే ఇంకో గరిటె కూర వేసింది. అంతకుమించి ఆవిడ ఏమీ అనలేదు. అలా అనకపోవడం ఆవిడ విషయంలో పెద్ద సంగతే.

సాయంత్రం ఆయన యూనిఫాం ఆరేస్తుంటే మీటరమ్మ పక్కన నిలబడింది. "అది ఏ తేదీ?"

"తిడతావనుకున్నాను."

"తిట్టడానికి కాదండీ. రాసుకోవడానికి."

తేదీ ఆయనకు గుర్తులేదు. కానీ దారిలో బస్సు ఆగితే ఎందుకాగిందో ట్రిప్ షీటులో రాయాలన్నది నియమం. మర్నాడు డ్యూటీ అయ్యాక ఆయన డిపో గుమస్తాను బతిమాలి, పాత షీట్ల కట్టలు దింపించి, దుమ్ములో కూర్చున్నాడు. రెండు మధ్యాహ్నాలు పట్టింది. ఆ దారిలో తిరిగే డ్రైవర్లు కల్వర్టు దగ్గర "కుక్క అడ్డం వచ్చింది" అని మూడేళ్ళలో తొమ్మిదిసార్లు రాశారు. ఆయన ఒక్కొక్కరి దగ్గరకూ వెళ్ళి, ఫోటో చూపించి, నువ్వు చూసింది కుక్కనా, దీన్నా అని అడిగాడు. మాట తక్కువ మనిషి ఆ వారం మాట్లాడినంత ఏడాదిలో మాట్లాడి ఉండడు. నలుగురు దీన్నే అన్నారు. ఇద్దరు నిజంగా కుక్కే అన్నారు. ఇద్దరు గుర్తులేదన్నారు. తొమ్మిదోది ఆయనదే.

పంపుహౌసులో రోజూ కాలువ మట్టం రాసే రిజిస్టరు ఉంది. డాక్టరమ్మ తేదీలు పక్కపక్కన పెట్టి చూసింది. నీటికుక్క అని చెప్పిన అయిదు రోజుల్లోనూ కల్వర్టు అంచు మునిగే ఉంది.

"గుర్తులేదన్న రెండూ కూడా వాన రోజులే అక్కా. అవీ కలిపేద్దామా? ఏడవుతాయి, కాగితానికి బలం."

"వద్దమ్మా. వాళ్ళకే గుర్తులేనిది మనకెలా గుర్తుంటుంది?"

అయిదే రాశారు.

ఆ కాగితాలు పట్టుకుని రోడ్ల ఆఫీసుకు వెళ్ళారు. ఇంజనీరు చెడ్డవాడు కాదు, పని ఎక్కువున్నవాడు. కళ్ళజోడు పైకెత్తి అడిగాడు: "అంటే, నీటికుక్కలకి ఫుట్‌పాత్ వేయమంటారా?"

"అవునండీ," అంది మీటరమ్మ. "మనకి రోడ్డు పక్కన వేస్తారు. వాటికి నీటి పక్కన. నీళ్ళు పెరిగినా మునగనంత ఎత్తులో ఒక్క చెక్క చాలు. అటు చివర, ఇటు చివర గట్టుకి ఆనాలి, అంతే."

ఆయన డాక్టరమ్మ మ్యాపుల కంటే ట్రిప్ షీట్ల నకళ్ళే ఎక్కువసేపు చూశాడు. అవి ఆయనకు తెలిసిన భాషలో ఉన్నాయి. కల్వర్టు గోడకు బిగించుకోవడానికి అనుమతి మూడు నెలలకు వచ్చింది. చెక్కలు మాత్రం మీరే చూసుకోవాలన్నాడు. డిపో షెడ్డులో, పక్కన పడేసిన ముసలి బస్సు నేల చెక్కలున్నాయి. మేనేజరు సరేనంటే, అక్కడి వడ్రంగి చెదలు పట్టనివి ఏరి కోసిచ్చాడు. డ్రైవరూ, ఇంకో ఇద్దరు మెకానిక్కులూ సెలవురోజు మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఇనుప బ్రాకెట్లు బిగించారు. అత్తగారు గట్టున గొడుగు కింద కూర్చుని, చెక్క ఎడమ వైపు వాలిందని నాలుగుసార్లు చెప్పింది. నాలుగోసారి కొలిచి చూస్తే నిజంగానే వాలింది.

మొదటి వానలకు ఏమీ జరగలేదు. మీటరమ్మ "ఏదీ రాలేదు" అని రాసింది. రెండో వానలకు ఒకటి వచ్చి, చెక్క వాసన చూసి, వెనక్కి వెళ్ళిపోయింది. "వచ్చింది, చూసింది, ఎక్కలేదు" అని రాసింది. ఆ రోజు డాక్టరమ్మ ముఖం చిన్నబోయింది. పాత బస్సు వాసన, నూనె వాసన పోలేదేమో, ఎవరి వాసనో ఉందేమోనని బెంగపెట్టుకుంది. "కొత్త గుమ్మం కదమ్మా, ఎవరైనా కాసేపు బయటే నిలబడతారు," అంది మీటరమ్మ.

మూడో వానలు నాలుగు రోజులు పట్టాయి. అయిదో రోజు ఉదయం ఆవిడ కార్డు తెచ్చి పంపుహౌసు గుమ్మంలోనే లాప్‌టాప్ తెరిచింది. నిమిషానికొకటి చొప్పున ఖాళీ చెక్క, ఖాళీ చెక్క, ఖాళీ చెక్క. తెల్లవారుజాము నాలుగూ యాభై రెండు దగ్గర ఆవిడ చెయ్యి ఆగింది. చెక్క మీద ఒక పెద్ద నీటికుక్క. దాని వెనక, తోకకు ముక్కు ఆనించి, రెండు పిల్లలు. కింద నీళ్ళు సుడులు తిరుగుతున్నాయి. యాభై మూడు దగ్గర మళ్ళీ ఖాళీ చెక్క.

డాక్టరమ్మ తెర మీదికి వంగి చూసింది. తర్వాత లోపలికి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చింది.

మీటరమ్మ ఆ ఫోటోను ఫోనులోకి ఎక్కించుకుని బస్టాపులో నిలబడింది. భర్త బస్సే వచ్చింది. టిక్కెట్టు తీసుకుని చివరిదాకా వెళ్ళింది. ఆఖరి స్టాపులో అందరూ దిగాక డ్రైవరు సీటు పక్కకు వెళ్ళి ఫోను చేతికిచ్చింది. ఆయన ఇంజను ఆపాడు. ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి, చిన్నది చేసి, మళ్ళీ పెద్దది చేశాడు.

"నాలుగూ యాభై రెండు," అన్నాడు. "నేను పైన దాటేది అయిదూ అయిదుకి."

"అవును."

"పెద్దది తల్లేనా?"

"తెలియదండీ. 'పెద్దది ఒకటి, పిల్లలు రెండు' అని రాశాను."

ఆయన తలూపి ఫోను తిరిగి ఇచ్చాడు. స్టాపులో అప్పటికే నలుగురైదుగురు ఎక్కడానికి నిలబడి ఉన్నారు. కింద నుంచి ఒకావిడ బస్సు ఎప్పుడు కదులుతుందని అడిగింది.

"ఇదిగో, ఇప్పుడే," అని ఆయన తలుపు తెరిచాడు.